ట్యాప్ తిప్పితే పోయేదేముంది?

నేను కోడు రాసేది పవర్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్‌లో. ఈ మాట ఎవరితో చెప్పినా "అంటే శాప్ లాంటిదా?" అని అడుగుతారు. కాదండీ. గ్రిడ్డులో ఎక్కడెక్కడ ఎంత కరెంటు పుడుతోంది, ఎక్కడ ఎంత వాడుతున్నారు అన్న లెక్కలిస్తే, ఏ లైను మీద ఎంత పవర్ పోతుంది, ఏ సబ్‌స్టేషన్‌లో వోల్టేజి ఎంత ఉంటుంది అని చెప్పే ప్రోగ్రాం. లోడ్ ఫ్లో అంటారు, పవర్ ఫ్లో అన్నా అదే. ఈఈఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ మనలాంటి వాళ్ళకి సీఎంపీఎస్ అనే సబ్జెక్టు గుర్తుండే ఉంటుంది. మూడు బస్సుల సిస్టమ్ ఒకటిచ్చి, గాస్ సీడల్ పద్ధతిలో ఒక ఇటరేషన్ చెయ్యమని అడిగేవాళ్ళు. ఒక్క ఇటరేషన్‌తో వదిలేసేవాళ్ళు కాబట్టి అది అసలు కన్వర్జ్ అవుతుందా లేదా అన్న బాధ మనకెప్పుడూ లేదు :)

ఇప్పుడు ఆ బాధే నా ఉద్యోగం. ఇవాళ చెప్పాలనుకున్నది ఈ రకం ప్రోగ్రాముల్లో ఉండే ఒక చిన్న టిక్ బాక్స్ గురించి. "ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపుల్ని ఆటోమేటిగ్గా సర్దాలా?" అన్నది దాని అర్థం. టిక్ పెడితే ఒక జవాబు, తీసేస్తే ఇంకో జవాబు. మా దగ్గర కొన్న ఒక క్లయింటు, ఇది ఎప్పుడూ టిక్ పెట్టే ఉండేలా డిఫాల్టు మార్చమని అడిగారు. కారణం ఏంటంటే, టిక్ పెడితే వోల్టేజిలు బాగుంటాయి, కేసులు తొందరగా తెగుతాయి, రిపోర్టులో ఎర్ర గీతలు తగ్గుతాయి. మా మేనేజరు కూడా "ఇచ్చేద్దాం, పోయేదేముంది?" అన్నాడు. పోయేదేముందో చెప్పడానికే ఈ టపా. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ టిక్ బాక్స్ లెక్క ఎలా చెయ్యాలని అడగట్లేదు. గ్రిడ్డులో ఏ క్షణాన్ని ఫొటో తియ్యమంటారు అని అడుగుతోంది. ఆ ప్రశ్నకి డిఫాల్టు జవాబంటూ ఉండకూడదు.

ముందు ఈఈఈ కాని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్యాప్ అంటే కుళాయి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో అక్కడక్కడ బయటికి తీసి పెట్టిన కొసలు. ఏ కొసకి కనెక్షన్ ఇస్తే అన్ని చుట్లు లెక్కలోకి వస్తాయి, దాన్నిబట్టి వోల్టేజి నిష్పత్తి కాస్త అటూఇటూ అవుతుంది. ఊళ్ళో స్తంభాల మీద ఉండే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లలో ట్యాపులున్న వాటికి కరెంటు ఆపి చేత్తో తిప్పాలి. పెద్ద సబ్‌స్టేషన్లలో ఉండేవి లోడు మీదుండగానే మారతాయి. వాటిని ఓఎల్‌టీసీ అంటారు. లోడు ఆగకుండా ఒక కొస నుంచి ఇంకో కొసకి రెసిస్టర్ల సాయంతో చటుక్కున మారే పద్ధతి జర్మనీలో బెర్న్‌హార్డ్ జాన్సెన్‌ది, 1927 నాటిది. దాదాపు వందేళ్ళవుతున్నా మూలసూత్రం ఇప్పటికీ అదే.

మన దగ్గర 400/220 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లకి సాధారణంగా 17 స్థానాలుంటాయి, ఒక్కో మెట్టుకి 1.25%, మొత్తం మీద పైకి 10, కిందికి 10. అమెరికాలో ఎక్కువగా 32 మెట్లు, ఒక్కోటి 0.625%. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన మాట "మెట్టు". ట్యాప్ ఏడో స్థానంలో ఉంటుంది, లేదా ఎనిమిదో స్థానంలో ఉంటుంది. ఏడున్నరలో ఉండదు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే లోడ్ ఫ్లోకి మెట్లు తెలీవు. డిజిటల్ కంప్యూటర్ మీద లోడ్ ఫ్లో చేసే పద్ధతిని వార్డ్, హేల్ 1956లో ప్రచురించారు. 1967లో టిన్నీ, హార్ట్ న్యూటన్ పద్ధతిని పెద్ద గ్రిడ్లకి పనికొచ్చేలా చేశారు. ఇవాళ్టికీ మా కోడు గుండెకాయ అదే. న్యూటన్ పద్ధతి నున్నటి వంపుల మీద బ్రహ్మాండంగా పరిగెడుతుంది. నాలుగైదు ఇటరేషన్లలో తేల్చేస్తుంది. మెట్లొస్తే మాత్రం తడబడుతుంది.

1971లో పీటర్సన్, మేయర్ అనే ఇద్దరు దీనికో తెలివైన ఉపాయం చెప్పారు. మామూలుగా ఒక బస్ దగ్గర వోల్టేజి మనకి తెలీదు, ట్యాప్ తెలుసు. దాన్ని తిరగేస్తే? వోల్టేజి ఇంత ఉండాలని కట్టేసి, ట్యాప్‌నే తెలియని సంఖ్యగా మార్చి, న్యూటన్‌కే అప్పజెప్పడం. అదేమో 7.43 అని జవాబిస్తుంది. దాన్ని 7కి సర్ది, కట్టేసి, మళ్ళీ ఒకసారి సాల్వ్ చెయ్యడం. ఇంకో పద్ధతి మొరటుది, అర్థం చేసుకోవడానికి సులువు. ముందు ట్యాపులు ముట్టుకోకుండా సాల్వ్ చెయ్యి. ఏ బస్ దగ్గర వోల్టేజి హద్దు దాటిందో చూడు. అక్కడ ట్యాప్ ఒక మెట్టు జరుపు. మళ్ళీ సాల్వ్ చెయ్యి. అంతా హద్దుల్లోకి వచ్చేదాకా తిప్పు. ఫర్ లూప్ రాయడం వచ్చిన ఎవరైనా రాసేయొచ్చు.

రాసేయొచ్చు గానీ, ఆగకపోవచ్చు. ఉదాహరణకి వోల్టేజి 1.00 ఉండాలి, అర శాతం అటూఇటూ ఉన్నా పర్లేదు అన్నామనుకోండి. అంటే 0.995 నుంచి 1.005 వరకు. ఏడో ట్యాపులో 0.993 వచ్చింది. తక్కువైంది కాబట్టి ఒక మెట్టు పెంచాం. 1.25% పెరిగి సుమారు 1.0055 అయింది. ఎక్కువైంది కాబట్టి ఒక మెట్టు దించాం. మళ్ళీ 0.993. లూపు ఇలా జీవితాంతం తిరుగుతుంది. హద్దు వెడల్పు 1%, మెట్టేమో 1.25%. మెట్టు కన్నా గుమ్మం ఇరుకైతే ఎవరు మాత్రం లోపలికి పోతారు? నిజం సబ్‌స్టేషన్‌లో కూడా ఇదే జరుగుతుంది, దాన్ని హంటింగ్ అంటారు. అందుకే రిలే సెట్టింగు చేసేవాళ్ళు హద్దు వెడల్పుని మెట్టు కన్నా బాగా ఎక్కువ పెడతారు. సాఫ్ట్‌వేర్‌లో మనం ఏం చేస్తాం? "పది సార్లు తిరిగాక ఆపెయ్" అని ఒక కౌంటర్ పెడతాం. పదోసారి ఎక్కడుంటే అదే జవాబు. కింద "కన్వర్జ్డ్" అని పచ్చ అక్షరాల్లో వస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పచ్చ రంగులో అబద్ధమేం లేదు. ఆ ట్యాపు దగ్గర లెక్క నిజంగానే తెగింది. ఆ ట్యాపు ఎందుకొచ్చిందన్నది మాత్రం మనం పెట్టిన కౌంటర్ చలవ.

ఇది చిన్న విషయం, ఒక మెట్టు తేడాతో కొంపలంటుకోవు. ఇంకోటి చూడండి. ఒకే సబ్‌స్టేషన్‌లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు పక్కపక్కన పారలల్‌గా ఉన్నాయి. డేటా ఎక్కించేటప్పుడు ఒకదానికి టార్గెట్ 1.00 అని, రెండోదానికి 1.03 అని పడింది. (ఇలాంటివి ఎలా పడతాయని అడక్కండి. వేల బస్సుల డేటాని ఏళ్ళ తరబడి పదిమంది సవరిస్తూ పోతే ఏవైనా పడతాయి.) రెండింటికీ హద్దు ఒక శాతం. బస్ దగ్గర వోల్టేజి 1.015 ఉంది. మొదటిది ఎక్కువైందని ఒక మెట్టు దించుతుంది. రెండోది తక్కువైందని ఒక మెట్టు పెంచుతుంది. వోల్టేజి ఎక్కడుందో అక్కడే ఉంటుంది. మళ్ళీ ఒకటి దించుతుంది, ఇంకోటి పెంచుతుంది. చివరికి ఒకటి అట్టడుగు ట్యాపులో, రెండోది చిట్టచివరి ట్యాపులో కూర్చుంటాయి.

బస్ వోల్టేజి చూస్తే 1.015, శుభ్రంగా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య ఏం జరుగుతోంది? ఒక్కోదాని రియాక్టెన్సు 12.5% అనుకుంటే, ఒక మెట్టు తేడాకి వాటి మధ్య గిరగిరా తిరిగే కరెంటు 1.25ని 25తో భాగిస్తే 5%. ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ చివర ఉంటే తేడా 20%, తిరిగే కరెంటు 80%. ఇది ఎవరి ఇంటికీ పోయే కరెంటు కాదు, రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య ఊరికే తిరిగే రియాక్టివ్ కరెంటు. పవర్ ఫాక్టర్ బాగుండి, 60% లోడుతో హాయిగా నడవాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ ఈ 80% కూడా కలిసేసరికి (లంబంగా కలుస్తాయి కాబట్టి పైథాగరస్ లెక్క) సరిగ్గా 100% లోడు చూపిస్తుంది. అది చూసి ఎవరో "ఇక్కడ మూడో ట్రాన్స్‌ఫార్మర్ కావాలి" అని ప్రపోజల్ రాస్తారు. కోట్ల ఖర్చు. లెక్కలో తప్పు లేదు, కన్వర్జ్ అయింది కూడా. నిజం సబ్‌స్టేషన్‌లో అయితే పారలల్ ట్రాన్స్‌ఫార్మర్లని మాస్టర్, ఫాలోయర్ అని కట్టేసి ఒకే ట్యాపులో నడుపుతారు.

సరే, ఇవన్నీ డేటా తప్పులు, కోడులో చెక్ పెడితే పోతాయి. పెట్టాం కూడా. అసలు ఇబ్బంది చెక్కులకి దొరకనిది. అది కాలం.

సబ్‌స్టేషన్లలో ముప్ఫై ఏళ్ళు పని చేసి రిటైరైన ఒక పెద్దాయన మాకు కన్సల్టెంటుగా ఉండేవారు. నా అవుటర్ లూపు గురించి బోర్డు మీద గీసి చెప్తుంటే ఓపిగ్గా అంతా విని, "బాగుంది బాబూ. ఇందులో గడియారం ఎక్కడుంది?" అన్నారు. లేదు సార్ అన్నాను. "మరి ట్యాప్ మార్చేది ఎవరు?" అన్నారు. ప్రోగ్రాం సార్ అన్నాను. ఆయన నవ్వి, "మా దగ్గర మనుషులు మార్చేవారు" అన్నారు.

అదన్నమాట సంగతి. ఓఎల్‌టీసీ ఆటోమేటిగ్గా నడిచే చోట కూడా వోల్టేజి పడిన వెంటనే కదలదు. సాధారణంగా అర నిమిషమో, నిమిషమో చూసి, అప్పటికీ వోల్టేజి రాకపోతే మొదటి మెట్టు. తర్వాత కొన్ని సెకన్లకో మెట్టు. పై వోల్టేజి దగ్గరున్నవి ముందు, కింద ఉన్నవి తర్వాత కదిలేలా ఆలస్యాలు పెడతారు, లేకపోతే పైదీ కిందదీ కలిసి పెంచేసి, మళ్ళీ కలిసి దించుకుంటాయి. ఇక మన 400/220 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ల సంగతైతే, వాటి ట్యాప్ మార్పులు రీజనల్ లోడ్ డిస్పాచ్ సెంటర్ చెప్పినట్టే జరగాలని 2010 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ గ్రిడ్ కోడ్‌లో స్పష్టంగా రాశారు. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ సెంటర్ బెంగుళూరులో ఉంది. అంటే ఎవరో వోల్టేజి చూడాలి, ఇంకెవరో ఫోన్ చెయ్యాలి, ఇంకొకరు ప్యానెల్ దగ్గరికెళ్ళి మార్చాలి. మా ప్రోగ్రాం మాత్రం ఇవే ట్యాపుల్ని మిల్లీసెకన్లలో ఆరేసి మెట్లు జరిపేసి "అంతా క్షేమం" అంటుంది. లేని మనిషిని, లేని ఫోన్ కాల్‌ని లెక్కలో కలిపేసిందన్నమాట.

ఒక లైను ట్రిప్పయితే ఏమవుతుందో చూసే స్టడీలో ఇది ఎంత తేడా తెస్తుందో చెప్పక్కర్లేదు. మేం ఒక టెస్టు కేసులో ఒకే లైను తీసేసి రెండు రకాలుగా చూశాం. ట్యాపులు కదలనిస్తే ఒక 132 కేవీ బస్ దగ్గర 0.97, కట్టేస్తే 0.91. రెండూ నిజమే. ఒకటి లైను పోయిన పది సెకన్లకి, ఇంకోటి అయిదు నిమిషాలకి. లైను షట్‌డౌన్‌కి పర్మిషన్ ఇవ్వాలా వద్దా అని కూర్చున్న ఇంజనీరుకి ఈ రెండూ కావాలి. రెండోది మాత్రమే చూపించి మొదటిది దాచే డిఫాల్టు ఆయనకి మేలు చెయ్యదు.

ఇంతవరకూ చదివి "అయితే ట్యాపులు కట్టేసి ఉంచడమే మంచిది, అంతేగా" అనుకుంటున్నారేమో. అంత తేలిగ్గా లేదండీ. లోడ్ ఫ్లోలో లోడుని ఎలా పెడతాం? 132 కేవీ బస్ దగ్గర 50 మెగావాట్లు అని. వోల్టేజి ఎంత పడినా 50 మెగావాట్లే. నిజం లోడు అలా ఉంటుందా? హీటరో పాతకాలపు బల్బో అయితే వోల్టేజి 5% తగ్గితే సుమారు 10% తక్కువ లాగుతుంది. మరి మనం 50కి 50 అని ఏ ధైర్యంతో పెడతాం? కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు ట్యాపులు మార్చేసి ఇళ్ళ దగ్గర వోల్టేజిని మామూలుకి తెచ్చేసి ఉంటాయి, కాబట్టి లోడు మళ్ళీ 50కి వచ్చేసి ఉంటుంది అన్న నమ్మకంతో. అంటే మన మోడల్‌లో గియ్యని ట్యాపులు కూడా ఆ సంఖ్యలో దాక్కుని ఉన్నాయి. పైన ట్యాపులు కట్టేసి, కింద 50 మెగావాట్లు అని పెట్టడం అంటే, కింద వాళ్ళు కదిలారు, పైవాళ్ళు కదల్లేదు అన్నట్టు. అలాంటి క్షణం ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పది సెకన్ల ఫొటో కావాలంటే లోడుని కూడా వోల్టేజితో తగ్గేలా పెట్టాలి.

లోడు అలా తగ్గడం గ్రిడ్డుకి ఊపిరి. వోల్టేజి పడింది, లోడు కాస్త తగ్గింది, లైన్ల మీద బరువు తగ్గింది. ట్యాప్ ఏం చేస్తుంది? తన కింది వాళ్ళకి వోల్టేజి సరిచేస్తుంది. లోడు తిరిగొస్తుంది. ఆ లోడుని మొయ్యడానికి పై లైనులో కరెంటు పెరుగుతుంది, పైన వోల్టేజి ఇంకాస్త పడుతుంది. దాంతో ట్యాప్ ఇంకో మెట్టు. ఒక సోర్సు, ఒక లైను, ఒక ట్రాన్స్‌ఫార్మర్, కింద ఒక రెసిస్టరు పెట్టి కాగితం మీద చేసి చూడండి. పై వైపు నుంచి కనిపించే లోడు రెసిస్టెన్సు లైను రియాక్టెన్సుకి సమానమయ్యేదాకా ట్యాప్ పెంచితే కింద వోల్టేజి పెరుగుతుంది. ఆ చోట పై వోల్టేజి సోర్సులో 70.7%. అది దాటాక ట్యాప్ పెంచితే కింద వోల్టేజి తగ్గుతుంది! ట్యాప్‌కి అది తెలీదు. తగ్గింది కాబట్టి ఇంకా పెంచుతుంది.

ఇది కాగితం మీది కథ కాదు. 1983 డిసెంబరు 27న స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గర హామ్రా సబ్‌స్టేషన్‌లో ఒక ఐసొలేటర్ పాడై ఫాల్టయింది. రెండు 400 కేవీ లైన్లు పోయాయి. దాదాపు 8 సెకన్లకి ఓవర్‌లోడుతో ఒక 220 కేవీ లైను పోయింది. అక్కడితో సర్దుకునేదేమో గానీ, కింద ట్యాప్ చేంజర్లు తమ డ్యూటీ తాము చేశాయి. లోడు తిరిగొచ్చింది, 400 కేవీ వోల్టేజి ఇంకా పడింది, ఉత్తరం నుంచి వచ్చే లైన్ల మీద కరెంటు పెరిగింది. సుమారు 50 సెకన్లకి ఇంకో 400 కేవీ లైను ట్రిప్పయింది, ఆ వెంటనే మిగతావి. దాదాపు 11,400 మెగావాట్ల లోడు చీకట్లోకి పోయింది.

1987 జూలై 23న టోక్యో ఇంకో పాఠం. మంచి ఎండ, భోజనాల వేళ అయ్యాక ఒంటిగంట నుంచి లోడు నిమిషానికి 400 మెగావాట్ల చొప్పున పెరిగింది. ఏ లైనూ తెగలేదు, ఏ ఫాల్టూ లేదు. ఏసీల్లో చాలావాటికి వోల్టేజి తగ్గితే కరెంటు ఎక్కువ లాగే గుణం ఉంది. 500 కేవీ ఉండాల్సిన చోట 370కి పడి, 1:19కి రిలేలు కొట్టేశాయి. 8,168 మెగావాట్లు పోయాయి.

మన ఐటీ వాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? సర్వర్ నెమ్మదించింది. ప్రతి క్లయింటూ టైమవుట్ అయి రీట్రై చేస్తుంది. ఒక్కో క్లయింటు దృష్టిలో అది చాలా బాధ్యతగల పని. అందరూ కలిసి ఆ సర్వర్‌ని పూడ్చిపెడతారు. సర్వర్ల లోకంలో దీన్ని చూసి చూసి మనం బ్యాకాఫ్ పెట్టడం, సర్క్యూట్ బ్రేకర్ అనే ప్యాటర్న్ వాడటం నేర్చుకున్నాం (ఆ పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామో చూడండి!). వోల్టేజి ప్రమాదంలో ఉన్నప్పుడు ట్యాపులు కదలకుండా కట్టేసే పద్ధతి గ్రిడ్లలో కూడా ఉంది, ట్యాప్ బ్లాకింగ్ అంటారు. ఎవరి డ్యూటీ వాళ్ళు చేస్తే వ్యవస్థ బాగుంటుందని మనకి చిన్నప్పట్నుంచీ చెప్తారు. పైన ఏం జరుగుతోందో కిందవాడికి కనపడకపోతే మాత్రం ఆ మాట నిలబడదు.

మళ్ళీ మా టిక్ బాక్స్ దగ్గరికొద్దాం. నాలుగు మీటింగుల తర్వాత డిఫాల్టు తీసేశాం. టిక్ పెట్టాలా వద్దా అన్నది ఇంజనీరే ప్రతి స్టడీకీ ఎంచుకోవాలి, ఎంచుకోకపోతే రన్ అవ్వదు. ఎంపికల పేర్లు కూడా మార్చాం. "ట్యాప్ అడ్జస్ట్ ఆన్, ఆఫ్" తీసేసి "ఫాల్టయిన వెంటనే", "ట్యాపులు కదిలాక" అని పెట్టాం. రిపోర్టు మొదటి పేజీలో వోల్టేజిల కన్నా ముందు ఎన్ని ట్యాపులు కదిలాయి, ఏది ఎన్ని మెట్లు కదిలింది, ఏవి చివరి మెట్టు దగ్గర ఇరుక్కున్నాయి అన్నది వస్తుంది. చివరి మెట్టు దగ్గర ఉన్నవాటికే ఎర్ర రంగు, ఎందుకంటే వాటి దగ్గర ఇక మిగిలిందేమీ లేదు, వోల్టేజి ఇప్పుడెంత బాగున్నా సరే.

క్లయింటుకి నచ్చలేదు. రెండు క్లిక్కులు ఎక్కువయ్యాయని, పాత రిపోర్టుతో కొత్తది కలవట్లేదని కంప్లైంటు పెట్టారు. మా మేనేజరు ఆ మెయిలు నాకు ఫార్వర్డ్ చేసి ఊరుకున్నాడు. కొన్నాళ్ళకి వాళ్ళ దగ్గర్నుంచే ఇంకో మెయిలొచ్చింది, ఈసారి వాళ్ళ ప్లానింగ్ సెక్షన్‌లో ఎవరో రాశారు. ఫలానా సబ్‌స్టేషన్‌లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చెరో చివర ఉన్నట్టు రిపోర్టు మొదటి పేజీలో ఎర్రగా కనిపిస్తోంది, ఇది మీ బగ్గా, మా డేటానా అని. డేటానే అండీ, రెండింటి టార్గెట్లూ ఒకసారి చూడండి అని జవాబిచ్చాను.